తీగ మారిన పాట మారునా?

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు ఉన్నది. తన చేతగానితనాన్ని వాద్యం మీదికి నెట్టివేసేవారిని ఎత్తిపొడవటానికి పెద్దలు ఆ మాట వాడినారు. మా ఇంట మాత్రం ఆరు సంవత్సరాలపాటు మద్దెల నిజంగానే ఓటిదిగా మోగినది. అది ఆడినవారి తప్పు కాదు, వాయించినవారి తప్పు కాదు, చివరకు మద్దెల తప్పు కూడ కాదు. తప్పు అంగుళమంత తీగ కొసలో ఉన్నది. ఆ సంగతి తెలిసికొనేలోపల నేను 14,000 రూపాయలు పోగొట్టుకొన్నాను. అంతకంటె విలువైనది మరొకటి కూడ పోగొట్టుకొన్నాను. ఆ వృత్తాంతం చెప్పి, దానిమీద నాకు కలిగిన అభిప్రాయాన్ని ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు మనవి చేయటం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పాఠం చెప్పుకొనేవానికి విద్యుత్తుతో పని ఏమని ఎవరైనా అడిగితే, పని కలిగించుకొన్నది నేను కాదు, నా చెవి అని జవాబు చెప్పుకొంటాను.

నా బాల్యం రేడియో కాలం. మా నాన్నగారికి ఒక పాత వాల్వు రేడియో ఉండేది. మిద్దె మీద రెండు గడల మధ్య ఏరియల్ కట్టి, దాని తీగను కిటికీ సందులోనుండి లోపలికి తెచ్చినారు. ఎర్త్ తీగను పెరటిలో అరటిచెట్టు మొదట పాతిపెట్టినారు. స్నానపు నీరు పారే చోటు గనుక అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉండేది. తెల్లవారుజామున విజయవాడ కేంద్రం భక్తిరంజని సరిగా పలుకకపోతే పిల్లలను లేపి మిద్దె మీదికి పంపేవారు. ఒకడు గడ పట్టుకొని కదపటం, మరొకడు కిటికీ దగ్గర నిలబడి “ఇప్పుడు బాగుంది, అట్లాగే ఉంచు” అని కేకవేయటం! తీగ కదిపితే పాట మారుతుందనే విశ్వాసం నాకు అట్లా చిన్ననాడే ఏర్పడినది. అది వట్టి మూఢవిశ్వాసమని ఇప్పటికీ అనను. గాలిలో వచ్చే బలహీనమైన తరంగాన్ని పట్టవలసిన తీగకు పొడవు, ఎత్తు, దిక్కు అన్నీ లెక్కలోకి వస్తవి. ఆ తీగ చేసే పని వేరు, ఆంప్లిఫయరునుండి స్పీకరుకు శక్తిని మోసే తీగ చేసే పని వేరు. ఈ రెంటికీ గల భేదం గ్రహింపకపోవటమే నేను చేసిన మొదటి పొరపాటు.

2018లో కొంత బకాయి సొమ్ము ఒక్కసారిగా చేతికి అందగా, ఇంట్లోవారి మౌనాన్నే అంగీకారంగా భావించి, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొన్నాను. దుకాణంవారు పంపిన మనిషి గోడవారగా రెండు బల్లలు వేయించి, వాటిమీద స్పీకర్లు నిలిపి, తీగలు బిగించి, ఒక పాట పెట్టి వినిపించి, కాఫీ తాగి వెళ్ళినాడు. నావద్ద ఉన్నవి చాలవరకు పాత పద్యాలు, పాటలు, కచేరీలు. ఘంటసాల, ఈమని శంకరశాస్త్రి, ద్వారం వెంకటస్వామినాయుడు మొదలైనవారివి. వాటిలో ఎక్కువ భాగం మోనో పద్ధతిలో నమోదైనవి. అనగా రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే ధ్వని.

వినగా వినగా ఒక లోపం మనసులో ముల్లులాగ మెదలసాగినది. పాడేవారు ఎదుట కూర్చున్నట్లు ఉండరు; గొంతు గదిలో ఎక్కడెక్కడనుండియో వచ్చి తలచుట్టూ తిరుగుతున్నట్లు ఉంటుంది. మృదంగంలో కుడిమూత పలుకు స్పష్టంగానే వినిపిస్తుంది గాని, తొప్పి అనే ఎడమమూత గంభీరనాదం మాత్రం వినిపించదు. అట్ట పెట్టె మీద దరువు వేసినట్లే ఉంటుంది. పాత రికార్డులు గదా అని ఒకనాడు, ఆ వాయించినవారి చేయి అంతే కాబోలునని మరొకనాడు సరిపెట్టుకొన్నాను. మహావిద్వాంసులను ఆ విధంగా మనసులోనైనా నిందించినందుకు ఇప్పుడు సిగ్గు పడుతున్నాను.

ఇటువంటి అసంతృప్తి గలవానికి సలహాలు దొరకటం కష్టం కాదు. శ్రవ్యపరికరాల మీద వ్యామోహం గల ఒక మిత్రుడు నా మొర విని, “అయ్యా, మీరు ఇంటి కరెంటుకు వాడే తీగతో సంగీతం వింటున్నారు, తీగ మార్చండి” అన్నాడు. హైదరాబాదులో ఒక దుకాణానికి తీసికొనిపోయినాడు. అక్కడ నాకు చూపిన తీగ బొటనవ్రేలంత లావున, పాము కుబుసంవంటి నేత తొడుగుతో, బంగారు పూత పూసిన కొసలతో, చెక్కపెట్టెలో పట్టుగుడ్డ మీద పవళించి ఉన్నది. దానిమీద ఒక బాణపు గుర్తు కూడ ఉన్నది. సంగీతం ఆ దిక్కుగా ప్రవహించాలట. మూడేసి మీటర్ల తీగలు రెండింటికి 14,000 రూపాయలు. దుకాణదారుడు దానిని గూర్చి మాట్లాడినంతసేపు ఒక్క కొలత చెప్పలేదు. మంచి విశేషణాలు మాత్రం చెప్పినాడు. విశేషణాలకు లొంగటం నా వృత్తిలోనే ఉన్న బలహీనత.

ఇంటికి వచ్చి పాత తీగ ఊడదీసి కొత్తది బిగించి వీణ పెట్టినాను. ఏమని చెప్పను! ముసుగు తొలగినట్లు, మంచు విడినట్లు, తంత్రికీ తంత్రికీ మధ్య గాలి ఆడినట్లు వినిపించినది. మరునాడు కళాశాలలో అధ్యాపకుల గదిలో ఈ ఉపమానాలన్నీ ధారాళంగా ఒలకబోసినాను. ఒకరిద్దరు వచ్చి విని తల ఊపినారు. తొప్పి మాత్రం అప్పటికీ సరిగా పలుకలేదు. కాని 14,000 రూపాయలు పోసిన తరువాత మనిషి వినేది వినిపించినదాన్ని కాదు, వినిపించవలసినదాన్ని.

ఇంతటితో ఆగితే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం కలిగేది కాదు. నాకు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మాస్టారు ఒకరు మా ఊరిలోనే విశ్రాంతి జీవితం గడుపుతున్నారు. ఎనభై దాటినవి. చూపు మందగించి పుస్తకం చదువలేరు. కుమారుడు అమర్చిపెట్టిన పరికరంలో రాత్రిళ్ళు పాత కచేరీలు వినటమే వారికి మిగిలిన వ్యాసంగం. నేను వారివద్దకు పోయి తీగ మహాత్మ్యం వర్ణించినాను. “నీవు విన్నావు గదా నాయనా, ఇక సందేహమెందుకు” అని, వచ్చే పింఛనులో రెండు మూడు నెలలు కొంతకొంత మిగిల్చి అదే తీగ తెప్పించుకొన్నారు. ఎవరివద్ద నేను ‘ఆప్తవాక్యం’ అన్న మాటకు అర్థం నేర్చుకొన్నానో, వారికి నేనే ఆప్తుడనై తప్పు వాక్యం చెప్పినాను. ముందు చెప్పిన విలువైన వస్తువు ఇదే.

మా అమ్మాయి బి.యస్సీ.లో భౌతికశాస్త్రం చదువుతున్నది. 2024 వేసవి సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు నా తీగ కథ విని నవ్వక, “నాన్నా, ఒకసారి పాత తీగ బిగిస్తాను, తేడా చెప్పండి” అన్నది. స్పీకర్ల వెనుక కొంతసేపు కూర్చుండి లేచి, పాట పెట్టినది. “చూడు, మళ్ళీ ముసుగు కప్పుకొన్నది; తంత్రుల మధ్య ఆ గాలి లేదు” అన్నాను. అది నన్ను వెనుకకు పిలిచి చూపించినది. కొత్త తీగ కొత్త తీగవలెనే ఉన్నది. అది దేనినీ ముట్టుకోలేదు.

నేను అంత తేలికగా ఒప్పుకొనేవాడిని కాను. ఒక్కసారి పొరపాటు పడినంతమాత్రాన చెవి చెడ్డదని తీర్మానించరాదని వాదించినాను. అట్లయితే పదహారుసార్లు వినమన్నది. స్పీకర్ల వెనుక దుప్పటి అడ్డం కట్టినది. ప్రతిసారీ నాణెం ఎగురవేసి, బొమ్మ పడితే కొత్త తీగ, బొరుసు పడితే పాతది బిగించేది. ఏదీ మార్చనవసరం లేనప్పుడు కూడ అంతసేపే వెనుక కూర్చుండి, అదే విధంగా చప్పుడు చేసి లేచేది. ధ్వని మోతాదు ఒకటే, పాట ఒకటే. ఏ తీగయో నేను ఒక కాగితం మీద వ్రాయాలి. అది ఒక కాగితం మీద వ్రాస్తుంది. రెండు సాయంకాలాలు పట్టినది. చివర కాగితాలు పక్కపక్కన పెట్టి చూడగా, పదహారింటిలో నేను సరిగా చెప్పినవి 7. ఏమీ వినకుండా నోటికి వచ్చినది చెప్పినా సగటున 8 రావాలి. పన్నెండో, అంతకు మించియో వస్తే తప్ప చెవి నిజంగా ఏదో పట్టినదని చెప్పటానికి వీలులేదని అమ్మాయి లెక్క వేసి చూపినది. ఊరక ఊహించేవాడు ఆ మెట్టు ఎక్కటం నూటికి నాలుగుసార్లకు మించి జరగదట.

అప్పుడు అది మెల్లగా అన్న మాట ఇది: “నాన్నా, ఎడమ స్పీకరుకు ఎర్రది నల్లదానికి, నల్లది ఎర్రదానికి బిగించి ఉంది. మొదటిరోజే చూశాను. ఒక పరీక్ష జరుగుతుండగా రెండో మార్పు చేయకూడదని ఊరుకున్నాను. తీగ మార్చినప్పుడల్లా అదే తప్పును అట్లాగే ఉంచాను.”

స్పీకరులో ఉన్న కాగితపు గిన్నె ముందుకు వెనుకకు ఊగి గాలిని కదిలిస్తుందని, ఆ గాలి కదలికే ధ్వని అని పాఠశాల విద్యార్థులు ఎరుగుదురు. రెండు స్పీకర్లకు తీగలు ఒకే వరుసలో బిగిస్తే రెండు గిన్నెలూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనుకకు కదులుతవి. ఒకదానికి తారుమారుగా బిగిస్తే ఒకటి గాలిని నెట్టుతుండగా మరొకటి లాగుకొంటుంది. సన్నని ధ్వనులలో ఇది మనకు అంతగా పట్టకపోవచ్చును. తొప్పివంటి మంద్రధ్వనిలో మాత్రం ఒకటి చేసినదాన్ని రెండవది చెరిపివేస్తుంది. ఎదుట నడుమ కూర్చున్నవానికి గొంతు నడుమనుండి రాక దిక్కులేనిదై తిరుగుతుంది. ఆరేండ్లు నేను విన్నది ఆ చెరిపివేతను. అమ్మాయి ఆ రెండు కొసలు సరిచేసి పాట పెట్టగానే తొప్పి గుండెలో మోగినది. పాడేవారు వచ్చి రెండు స్పీకర్ల నడుమ, ఎదుట, కూర్చున్నారు. ఇది కూడ భ్రమయేమోనని ఈసారి నేనే పరీక్ష కోరినాను. దుప్పటి, నాణెం, కాగితం అన్నీ మామూలే. పదింటికి పది సరిగా చెప్పినాను. ఒక్కొక్కసారి మొదటి దరువుకే చెప్పినాను.

మరి కొత్త తీగ బిగించిన నాడైనా నేను ఆ తప్పు ఎందుకు చూడలేదు? చూచినాను. ఎర్రది నల్లదానికి ఉండటం కంటికి కనబడినది. కాని తెలిసినవాడు బిగించినది గదా, ఏదో కారణం ఉండి ఉంటుందని, దుకాణం మనిషి చేసినదాన్ని భక్తిశ్రద్ధలతో యథాతథంగా అనుసరించినాను. తాళపత్రాల ప్రతులు సరిపోల్చేటప్పుడు పూర్వలేఖకుని ప్రమాదాన్ని తరువాతి లేఖకుడు ఎంత జాగ్రత్తగా కాపాడుతాడో విద్యార్థులకు ఏటేటా చెప్పేవాడిని. నా ఇంటి తీగలలో నేనే ఆ లేఖకుణ్ణి అయినాను.

మన శాస్త్రాలలో ‘శబ్దం’ అన్న మాటకు రెండర్థాలు ఉన్నవి. చెవికి వినిపించే ధ్వని ఒకటి. నమ్మదగినవాని మాటను ప్రమాణంగా గ్రహించే శబ్దప్రమాణం రెండవది. నేను వింటున్నది మొదటి శబ్దమని అనుకొన్నాను. నిజానికి విన్నది రెండవది: మిత్రుని మాట, దుకాణదారుని మాట, చెక్కపెట్టె మాట, ధర మాట. నైయాయికులు శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకొన్నారు గాని చెప్పినవాడు ఆప్తుడై ఉండాలన్నారు. ప్రత్యక్షాన్ని ఒప్పుకొన్నారు గాని అది భ్రాంతి లేనిదై ఉండాలన్నారు. “నా చెవులతో నేను విన్నాను” అనటం ప్రత్యక్షమే. ఆ మాట ఒక్కటే అది భ్రాంతిరహితమని నిరూపించదు. తాటిని చూచి పామనుకొన్నవాడు కూడ తన కళ్ళతోనే చూచినాడు. నేను తీగను చూచి గానమనుకొన్నాను.

తీగలో ఏమి జరుగుతుందో మనకు తెలిపినవాడు ఒక బడిపంతులు. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతిని గర్వంగా చెప్పుకోవచ్చును. జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పుకొంటూ గియార్గ్ ఓమ్ పాఠశాల పరికరాలతోనే విద్యుత్ ప్రయోగాలు చేసినాడు. 1825లో ఒక సూత్రం ప్రకటించినాడు, అది తప్పు. ఆయన వాడిన ఘటాలలో విద్యుత్తు నిలకడగా ఉండేది కాదు. దానిని వదలి, ఒక కొస మరిగే నీటిలో, ఒక కొస మంచులో ఉంచిన లోహసంధులనుండి నిలకడైన విద్యుత్తు తీసికొని, ఒకే లావు గల ఎనిమిది రాగి తీగలను, 2 అంగుళాలనుండి 130 అంగుళాలదాక పొడవు గలవాటిని, ఒకదాని తరువాత ఒకటి బిగించి కొలిచినాడు. 1826లో తన తప్పును తానే దిద్దుకొన్నాడు. 1827లో గ్రంథం ప్రకటించినాడు. స్వదేశంలో దానికి ఆదరణ లభించలేదు. 1841లో లండనులోని రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చినది. మ్యూనిక్‌లో ఆచార్యపీఠం దక్కేటప్పటికి 1852. మరి రెండేండ్లకే ఆయన మరణించినాడు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ నిరోధపు కొలతకు ఆయన పేరు పెట్టినది. ఇప్పుడు మన స్పీకరు వెనుక ‘8 ఓములు’ అని ఉన్నది ఆయన పేరే. తీగలు మార్చి మార్చి చూడటం ఆయనా చేసినాడు, నేనూ చేసినాను. ఆయన ప్రతిసారీ ఒక్కటే మార్చి కొలిచినాడు. నేను ఒకేసారి తీగను, ఆశను, ధరను మార్చి విన్నాను.

ఆ బడిపంతులు సూత్రంతో మన తీగను లెక్క వేద్దాము. ఒక చదరపు మిల్లీమీటరు లావు గల రాగి తీగ మీటరు పొడవుకు సుమారు 0.017 ఓమ్ నిరోధం చూపుతుంది. స్పీకరు 5 మీటర్ల దూరాన ఉంటే పోనురాను 10 మీటర్లు, మొత్తం 0.17 ఓమ్. 8 ఓముల స్పీకరు ముందు అది నూటికి రెండు పాళ్ళు. ధ్వనిలో కలిగే నష్టం 0.2 డెసిబెలుకు లోపు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే 0.07 ఓమే. ఇంటి వైరింగుకు వాడే ఆ తీగ ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. నష్టం కలిగేది మరీ సన్నని తీగతోనే. 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగను అంతే దూరం లాగి 4 ఓముల స్పీకరుకు బిగిస్తే నిరోధం 0.86 ఓమ్ అవుతుంది. నష్టం సుమారు 1.7 డెసిబెలు. పైగా స్పీకరు నిరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకటిగా ఉండదు గనుక, అక్కడ స్వరపు రంగు కూడ కొంత మారుతుంది. అందువల్ల తీగ మారితే పాట ఎన్నటికీ మారదని నేను అనటం లేదు. సన్నతీగను లావుతీగగా మార్చండి, మారుతుంది. వదులైన కొసను బిగించండి, చిలుము పట్టిన రాగిని గీకి మెరిపించండి, తారుమారైన కొసలను సరిచేయండి, తప్పక మారుతుంది. వీటికి అయ్యే ఖర్చు ఒక స్క్రూడ్రైవరు, అరగంట కాలం.

ఇక అంతకుమించిన మహిమలను గూర్చి ఎక్కువ చెప్పను. వెండి రాగికంటె మంచి వాహకమే. ఆ మంచితనం నూటికి ఆరేడు పాళ్ళు. తీగను అంతమేర లావు చేస్తే రాగి దానిని అందుకొంటుంది. బంగారం వాహకత్వంలో రాగికంటె తక్కువది. చిలుము పట్టదు గనుక కొసలకు పూయటంలో న్యాయం ఉన్నది. బాణపు గుర్తు సంగతి మాత్రం వినోదకరం. స్పీకరు తీగలో పారేది దిక్కు మార్చుకొంటూ ఉండే ఏకాంతర విద్యుత్తు. రాకపోకలు రెండూ ఒకే బాటలో జరిగే చోట ఒకవైపే బాణం గీసి ప్రయోజనమేమి?

మనిషి చూడదలచినదాన్నే చూడటం శాస్త్రజ్ఞులకు కూడ తప్పలేదు. ఫ్రాన్సులో నాన్సీ నగరపు ఆచార్యుడు బ్లాండ్లో 1903లో ‘ఎన్-కిరణాలు’ కనుగొన్నానని ప్రకటించగా, చూచినామని చెప్పిన పండితులు పలువురు బయలుదేరినారు. 1904లో అమెరికానుండి వుడ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ ప్రయోగశాలకు వచ్చి, చీకటిలో ఎవరికీ తెలియకుండ పరికరంలోని పట్టకాన్ని తీసివేసినాడు. పట్టకం లేకపోయినా పాఠాలు మునుపటివలెనే వచ్చినవి. మా అమ్మాయి నాకు చేసినది అదే. బ్లాండ్లో మోసగాడు కాడు, గౌరవనీయుడైన శాస్త్రజ్ఞుడు. అందువల్లనే ఆ కథ నాకు భయం కలిగించినది.

ఉపాధ్యాయులమైన మనకు ఈ సూత్రం కొత్తది కాదు. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు మనవద్దకు వచ్చేటప్పుడు వాటిమీద పేరు, నంబరు కనబడవు. గుర్తు సంఖ్య మాత్రం ఉంటుంది. మనలను అవమానించటానికి చేసిన ఏర్పాటుగా దానిని ఎవరం భావించటం లేదు. ఎంత న్యాయశీలికైనా, పేరు తెలిస్తే చేయి ఒకవైపు వాలుతుందని అందరం ఒప్పుకొన్నాము. చేతివ్రాత కుదురుగా ఉంటే ఒకటి రెండు మార్కులు జారిపోవటం ఇప్పటికీ మనకు అనుభవమే. విద్యార్థి పేరును దాచి దిద్దటం ధర్మమైనప్పుడు, తీగ ధరను దాచి వినటం ఎందుకు తప్పు? “నా చెవిని పరీక్షిస్తావా?” అని ఆగ్రహించే రసికులను చూచినాను. వారిలో నేనూ ఒకడినే. ఆ ఆగ్రహం పదహారవ కాగితం చూచేదాక నాలో ఉన్నది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. అది తేలికగా తీసివేయదగినది కాదు. సంగీతం రసానుభవం; రసానికి సహృదయుని హృదయమే ప్రమాణం; అక్కడ నాణేలు, దుప్పట్లు, డెసిబెళ్ళు ఎందుకు? తీగ వల్ల నైతేనేమి, భ్రమ వల్ల నైతేనేమి, ఆనందం కలిగినది గదా, అంటారు. ఆనందం కలిగిన మాట నిజం. మొదటి రాత్రి ఆ వీణను నేను ఎన్నడూ లేనంత శ్రద్ధతో విన్నాను. ఆ శ్రద్ధకు ఫలం దక్కినది. కాని ఆ ఆనందం శ్రద్ధ ఇచ్చినది, తీగ ఇచ్చినది కాదు. శ్రద్ధకు ధర లేదు. రసానుభవాన్ని నేను కొలవటం లేదు. ఫలానా వస్తువు కొంటే ఫలానా ఫలం కలుగుతుందన్న మాటను కొలుస్తున్నాను. ఆ మాట అంగడిలోనిది. దానికి త్రాసు ఉండవలసినదే. నా భ్రమ నా ఇంటిలోనే ఉన్నంతకాలం అది నా వినోదం. గడప దాటి ఒక పింఛనుదారుని ఇంటికి పోయిననాడు అది వినోదం కాదు. ఆ ఇద్దరి నడుమ ఉన్న గీతను సహృదయులు కూడ గుర్తించక తప్పదని నా అభిప్రాయం.

మరొకటి. తీగ మీద పెట్టే చింతలో పదోవంతు గది మీద పెడితే ఎక్కువ లాభం. మా స్పీకర్లను గోడనుండి రెండు అడుగులు ముందుకు జరిపి, కింద ఒక జంపఖానా పరచి, ఎదురుగోడకు పుస్తకాల బీరువా చేర్చినాము. వచ్చిన మార్పు వంటింటిలో ఉన్నవారికి కూడ తెలిసినది. వంటింటివారు ధర ఎరుగని శ్రోతలు. వారి తీర్పుకు నేను విలువ ఇస్తాను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాత రేడియోలలోనుండి తీసిన స్పీకరు ఒకటి, 1.5 వోల్టుల టార్చి సెల్లు ఒకటి ఉంటే చాలు. పిల్లలకు ఒక పీరియడు పాఠం. సెల్లు ధనధ్రువాన్ని ఎర్రకొసకు, ఋణధ్రువాన్ని నల్లకొసకు క్షణకాలం తాకిస్తే గిన్నె ముందుకు వస్తుంది. తారుమారు చేస్తే వెనుకకు పోతుంది. ఇళ్ళలో ఈ పరీక్ష చేసేవారు ముందుగా స్పీకరు తీగలను ఆంప్లిఫయరునుండి ఊడదీయాలి. ఆ తరువాత ఒకే లావు తీగలు రెండింటికి వేర్వేరు తొడుగులు తొడిగి, ఒకదానిమీద పెద్ద ధర వ్రాసి, పిల్లలచేత వినిపించి చూడండి. ముందు ధర చూపి వినిపించండి. తరువాత దుప్పటి కట్టి వినిపించండి. విజ్ఞానశాస్త్రం చెప్పేవారు, తెలుగు చెప్పేవారు ఈ పాఠం కలిసి చెబితే ఇంకా మంచిది. విశేషణాలను గూర్చి చెప్పవలసిన భాగం మాది.

కిందటి దసరా సెలవులలో అమ్మాయిని వెంటబెట్టుకొని మాస్టారి ఇంటికి పోయినాను. వారి స్పీకర్ల వెనుక చూచినాము. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది సరిగానే ఉన్నవి, బిగువుగా ఉన్నవి. నా చెవి కథ అంతా దాచకుండా చెప్పి, “ఆ సొమ్ములో సగమైనా నన్ను ఇచ్చుకోనివ్వండి మాస్టారూ” అన్నాను. వారు కొంతసేపు ఏమీ అనలేదు. పడకకుర్చీలో వెనుకకు వాలి, “సొమ్ము మాట తరువాత చూద్దాములే. అప్పుడు నీవు ఉందంటే తేడా నాకూ వినిపించింది. ఇప్పుడు లేదంటున్నావు, రేపటినుండి వినిపించకుండా పోతుందేమో! నీ మాట రెండుసార్లు విన్నాను నాయనా, ఇక చాలు. పాత తీగ అటక మీద ఉంది, దింపు. ఈసారి నీవు నోరు మెదపకు” అన్నారు.

నేను ముక్కాలిపీట వేసుకొని తీగచుట్ట దింపి, దుమ్ము దులిపి, కొసలు గీకినాను. అమ్మాయి నాణెం తీసికొని స్పీకర్ల వెనుకకు పోయినది. నేను అటువైపు వీపు పెట్టి కూర్చుండి, మాస్టారు చెప్పేది వ్రాసికొనటానికి కాగితం మీద 1 నుండి 16 దాక అంకెలు వేసినాను.